తీసెయ్ అన్న మాట

మా అన్న క్రాంతి కుమార్ వనపర్తిలో పాత సామాన్ల దుకాణం నుంచి ఒక సీక్వెన్సర్ పెట్టె తెచ్చాడు. అది శబ్దాన్ని దాచుకోదు. దానికి కలిపిన కీబోర్డు మీద ఏ మీటను ఎప్పుడు, ఎంత బలంగా కొట్టామో గుర్తుపెట్టుకుని, తర్వాత ఆ కీబోర్డును అలాగే వాయిస్తుంది. అలా ఒకదాని మీద ఒకటి ఎనిమిది ట్రాకులు ఎక్కించుకోవచ్చు.

మా చర్చిలో కోతకాలపు పండుగ పాటకు డప్పు కొట్టేది మా మేనమామ బాలన్న ఒక్కడే. ఆయన ఆ రోజు రెండు గంటల బస్సుకు పుణె పనికి పోతున్నాడు, పండుగకు ఉండడు. ఆలోగా ఆయన దరువు పెట్టెలోకి ఎక్కాలి. మిగతా ట్రాకులు నేను తర్వాత వాయించుకోగలను.

పొద్దున తొమ్మిదికి పెద్దమందడిలో మా ఇంట్లోనే కూర్చున్నాం. కుడిచేతి దెబ్బలు ఒక ట్రాకులో, ఎడమచేతి దెబ్బలు ఇంకో ట్రాకులో కావాలన్నాడు అన్న. మామ కుడిచేత్తో కీబోర్డులో డప్పు శబ్దం పలికే మీటలు కొడుతుంటే ఎడమచెయ్యి తొడ మీద తన పని తాను చేసుకుపోతోంది. దాన్ని పట్టుకోమని అన్న నాకు చెప్పాడు. పట్టుకుంటే కుడిచెయ్యి కూడా ఆగిపోయింది. ఇందులోనే గంటన్నర గడిచింది.

చివరికి రెండు చేతులతో వాయించనిచ్చాడు. బాగా వచ్చింది. అంతలోనే దెబ్బలన్నిటినీ లెక్క తప్పకుండా సమాన దూరాల్లోకి సర్దే మీట ఒకటి నొక్కి వినిపించాడు. మామ తల వంచుకుని విన్నాడు.

"ఇది నా దరువు గాదు అల్లుడా. పోలీసోళ్ల పరేడు."

చెరిపి మళ్లీ మొదలుపెట్టారు. అత్త సత్తెమ్మ మామ దారికి జొన్నరొట్టెల మూట తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది. పన్నెండోసారికి కుదిరింది. మామ వాయిస్తే మూడో దెబ్బ రవ్వంత ఆలస్యంగా పడుతుంది. పాట ఊగేది అక్కడే. అది కూడా అలాగే వచ్చింది. బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలే ఉన్నాయి. మామ సంచి భుజాన వేసుకుంటూ, "ఇగ తీసెయ్," అన్నాడు.

మా దగ్గర పాట రికార్డు చేయడాన్ని పాట తీయడం అంటారు. ఆ పని ముగించమని ఆయన ఉద్దేశం. పదకొండుసార్లు చెరిపిన అన్న వేలు మాత్రం నేరుగా చెరిపే మీట మీదికే పోయింది. పోయినదాన్ని వెనక్కి తెచ్చే మీట మా పెట్టెకు కొన్ననాడే లేదు, ఆ చోట చిల్లి ఉంది.

"ఏం జేసినవ్?"

"నువ్వే గదా తీసెయ్యమన్నవ్."

"తీసెయ్యమన్న. తుడిచెయ్యమన్ననా?"

మామ సంచి దించలేదు, కూర్చోలేదు. నిలబడే, పళ్లు బిగపట్టి, తాళం కోసం పెట్టె కొట్టే టిక్కుల కంటే ముందుకు పరుగెడుతూ పాట పొడుగునా వాయించాడు. అయిపోగానే అన్న చెయ్యి ముందుకు వచ్చింది. నేను మీటలన్నిటి మీద అరచెయ్యి పరిచాను. పొద్దుటి నుంచి నేను మాట్లాడింది అప్పుడే.

"ముట్టకు అన్నా. ఫస్టు సేవ్ ఏడున్నదో చూపెట్టు. నేనే నొక్కుత."

నొక్కి, భద్రమైందని పెట్టె చూపించాక చూస్తే, మామ రొట్టెల మూటతో రోడ్డెక్కేశాడు.

పండుగ ముందు సాధనలో పాట పాడే ఆడవాళ్లకు ఊపిరి అందడం లేదు. పాట పరుగెందుకు పెడుతోందని వాళ్లలో ప్రేమలతక్క రోజూ అడుగుతోంది. వేగం తగ్గించే మీట ఉందని అన్నకు తెలుసు. అన్న దాని వైపు చూసినప్పుడల్లా నేను అన్న వైపు చూస్తున్నాను. అంత తొందరలోనూ ఆ మూడో దెబ్బ ఆలస్యంగానే పడుతోంది.