షెడ్డుకు వేరే లైను

వర్క్‌షాపు మూతపడ్డాక ఆమెకు ఇంట్లో కాలు నిలవలేదు. పెళ్ళికి ముందునుంచీ ఇనుము అతికిన చేతులవి. ఊరికే కూర్చోమంటే వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తుడిచిన గచ్చే తుడిచింది, సర్దిన బీరువానే సర్దింది. కోడలు అలా ఈ గదికీ ఆ గదికీ తిరుగుతుంటే, తుంటి ఎముక విరిగి మంచం పట్టిన అత్తగారికి కళ్ళు తిరిగేవి.

"కాసేపు ఒకచోట కూలబడవే తల్లీ. నువ్వు నడుస్తుంటే నా తుంటి నొప్పెడుతోంది" అనేదావిడ.

అందుకే పాత యజమాని వెల్డింగు మిషన్ను తీసుకుపొమ్మనగానే ఆమె రెండో మాట లేకుండా తెచ్చేసుకుంది. ఇంటిని ఆనుకుని కారు షెడ్డు ఉంది. కారు మాత్రం ఏనాడూ లేదు. బస్సు డ్రైవరైన భర్త, ఎప్పటికైనా కొంటామని ఇల్లు కట్టేటప్పుడే వేయించిన షెడ్డు అది. అందులోని పాత టైర్లూ, కాళ్ళు విరిగిన కుర్చీలూ బయటికి విసిరేసి, మధ్యలో మిషన్ను నిలబెట్టింది. ఆ కబురు ఎలా పాకిందో, పక్కవీధిలో బేకరీ నడిపే ఆవిడ వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ళ మేడమెట్లకు రెయిలింగు లేదు. కూతురు పురిటికి వచ్చి పై అంతస్తులో ఉంటోంది.

"అది మెట్లు దిగుతుంటే నాకు ప్రాణం గిలగిలలాడుతోందమ్మా. నొప్పులొచ్చేలోపు చేసిపెట్టు."

"రేపే మొదలుపెడతానండీ" అంది ఆమె, మిషన్ను ఇంకా ప్లగ్గులో పెట్టి చూడకుండానే.

ఆ సాయంత్రమే తమ్ముణ్ణి పిలిపించింది. అతను ఎలక్ట్రీషియను. షెడ్డులో ఉన్నది ఒక్క బల్బూ, ఒక్క ప్లగ్గూ. ప్లగ్గు మూత ఊడదీసి లోపలికి తొంగిచూసి, పెదవి విరిచాడు.

"అక్కా, ఇందులో ఎర్తు వైరే లేదు. మూడో కన్ను ఊరికే అలంకారానికి ఉంది. మిషను ఒంటికి కరెంటొస్తే నీ చేతిలోంచే పోవాలి. పైగా ఇది బల్బు వెలిగించే వైరు. వంటింటి బోర్డు నుంచి అత్తయ్యగారి గది గోడలోంచి వస్తోంది. దీనిమీద వెల్డింగేమిటి?"

"మరేం చెయ్యాలి?"

"మీటరు దగ్గర్నుంచి నేరుగా వేరే లైను. లావుపాటి కేబులు. ఇక్కడ వేరే బోర్డు, దానికి తగ్గ బ్రేకరు, కరెంటు లీకైతే ఠక్కున పడిపోయే స్విచ్చొకటి. గొయ్యి తవ్వి ఎర్తు వెయ్యాలి. అన్నిటికన్నా ముందు, లోడు పెంచమని కరెంటాఫీసులో అర్జీ పెట్టాలి."

"ఎన్నాళ్ళు పడుతుందిరా?"

"వాళ్ళు కదిలేదాన్నిబట్టి. అందాకా దాన్ని ముట్టుకోకు. నామీద ఒట్టు."

ఒట్టు వేయకుండానే ఆమె అతనికి కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

డ్యూటీ దిగి వచ్చిన భర్తకు ఈ మాటలు ముల్లులా గుచ్చుకున్నాయి. షెడ్డుకు ఆ వైరు లాగింది అతనే.

"నేను లాగినదానికేం తక్కువైంది? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మిణుకుమందా? మీ తమ్ముడికి గోతులు తవ్వడం సరదా."

మర్నాడు ఆమె మిషను పెట్టి చూసింది. రాడ్డు ఇనుముకు తగలగానే ఫ్యూజు పోయింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ పోయింది. అదే పనిగా కడుతూ పోగొడుతూ ఉంటే భర్త వచ్చి, ఫ్యూజులో సన్నతీగ తీసేసి, లావుపాటి రాగిపోగులు నాలుగు మెలేసి బిగించాడు.

"ఇక చచ్చినా పోదు" అని, టోపీ పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

అది తప్పని ఆమెకు తెలుసు. వర్క్‌షాపులో ఎవరైనా అలా చేస్తే ఆమే చెయ్యి పట్టుకుని ఆపేది. కానీ కోసిపెట్టిన గొట్టాలు కళ్ళెదుట వరసగా పడి ఉన్నాయి. ఈ ఒక్క పనీ అయిపోతే చాలుననుకుంది. రబ్బరు చెప్పులు వేసుకుని, ముసుగు దించి, మొదలుపెట్టింది.

నిజంగానే ఫ్యూజు పోలేదు. రాడ్డు రాజుకున్నప్పుడల్లా బల్బు నీరసించి, మళ్ళీ తేరుకునేది. ఎన్నో రోజుల తర్వాత చేతులకు పని తగిలింది. ఒక అతుకు, ఇంకో అతుకు. లోపల్నుంచి అత్తగారి కేక వినబడింది.

"ఏమేవ్! ఏదో మాడుతోంది!"

ఆవిడకు రోజూ ఏదో ఒక వాసన వస్తూనే ఉంటుంది. పాలు పొంగాయంటుంది, పక్కింట్లో గ్యాసంటుంది.

"వెల్డింగు వాసన అత్తయ్యా!" అని అరిచి ఆమె ఇంకో రాడ్డు తగిలించింది.

"అది కాదే! రబ్బరు కమురు! గోడలోంచి!"

గోడ అన్న మాట చెవిన పడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ముసుగు తీసి పారేసి లోపలికి పరుగెత్తింది. మంచం తలవైపు గోడ మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున వెనక్కి లాక్కుంది. పెనంలా కాలుతోంది. సున్నం పొక్కు లేచి, దాని అంచునుంచి సన్నగా పొగ వస్తోంది.

ఒక్క అంగలో వెళ్ళి మెయిన్ ఆపేసింది. మళ్ళీ వచ్చి, మంచాన్ని అత్తగారితో సహా గచ్చుమీద ఈడ్చింది. గుమ్మంలో మంచం అడ్డం పడింది. "అమ్మో నా తుంటి!" అని ఆవిడ గగ్గోలు పెడుతుంటే, దుప్పటితో చుట్టి, రెండు చేతులతో ఎత్తుకుని వరండాలోకి మోసుకొచ్చింది. ఎలా ఎత్తిందో ఆమెకే తెలియదు. దించాక అక్కడే కూలబడింది.

"ఇప్పటికి ఒకచోట కూర్చున్నావు" అంది అత్తగారు రొప్పుతూ. ఆ మాటకు ఆమెకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది.

తమ్ముడు వచ్చి గోడ పగలగొట్టాడు. మధ్యలో వైరుకు ఒక అతుకుంది. రెండు తీగలు చేత్తో మెలేసి టేపు చుట్టి సిమెంటు పూసేశారు. ఆ టేపు కరిగి బొగ్గై, అటూ ఇటూ మూర మేర వైరు తొడుగు కారిపోయింది. అతను అక్కను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు.

భర్త వచ్చేసరికి గోడ నోరు తెరుచుకుని ఉంది. నల్లగా వేలాడుతున్న ఆ వైరును చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. వరండాలోంచి తల్లి అంది.

"నన్ను కాల్చడానికి అంత తొందరేమిట్రా? నా టైమొచ్చినప్పుడు నేనే పోతాగా."

అతను ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. తెల్లారాక సెలవు పెట్టి, అర్జీ పట్టుకుని కరెంటాఫీసుకు తనే వెళ్ళాడు. తిరిగొచ్చి, బావమరిది చూపించినచోట ఎర్తు గొయ్యి తవ్వడానికి దిగాడు. ఆమె సాయమొస్తానన్నా వద్దన్నాడు. మోకాళ్ళు, నడుము, ఆఖరికి భుజాలు కూడా గోతిలో మునిగేదాకా తవ్వాడు.

ఇక ఆమెకు ఎదురుచూపు మిగిలింది. ఇనుప గొట్టాలను చేతి ఆకురాయితో రాసింది. రాసినవే మళ్ళీ రాసింది. వీధిలో బండి ఆగితే కరెంటువాళ్ళేమోనని, ఫోను మోగితే బేకరీ ఆవిడేమోనని ఉలిక్కిపడేది. ఫోనంటేనే బెదురు పట్టుకుంది. బెదిరినట్టే ఒకరోజు ఆవిడ ఫోను చేసింది.

"నొప్పులొచ్చేశాయమ్మా! నేనూ మా ఆయనా చెరో రెక్కా పట్టుకుని దించాం. ఆసుపత్రిలో ఉన్నాం."

"నన్ను క్షమించండి..."

"ఇంటికొచ్చేటప్పటికైనా రెయిలింగు ఉండాలి. బిడ్డతో ఎక్కాలి కదా."

కరెంటాఫీసు మనిషి మర్నాడొచ్చి మీటరు మార్చాడు. తమ్ముడు అప్పటికే గోడ బయటినుంచి గొట్టంలో లావుపాటి కేబులు లాగి, షెడ్డులో కొత్త బోర్డు బిగించి ఉంచాడు. ఎర్తు వైరు గొయ్యిదాకా వెళ్ళిందో లేదో తన టెస్టు మీటరు పెట్టి రెండుసార్లు చూశాడు. లీకుస్విచ్చు మీది బొత్తాం నొక్కితే అది ఠక్కున పడింది.

"నెలకోసారి ఇది నొక్కి చూడు. పడకపోతే పని ఆపి నన్ను పిలువు. ఈసారైనా మాట విను."

"వింటానురా."

రాడ్డు చేతిలోకి తీసుకుందేగాని, చాలాసేపు ఇనుముకు తగిలించలేకపోయింది. ముసుగు దించడం, ఎత్తడం, మాడు వాసనేమోనని ముక్కు ఎగబీల్చడం. చివరికి పళ్ళు బిగించి తగిలించింది. బల్బు కొంచెమైనా తగ్గలేదు. అయినా అతుకు అతుకుకీ ఆగి కేబులు తడిమి చూసుకుంటూనే పని ముగించింది.

రెయిలింగు మోయడానికి భర్త తోడొచ్చాడు. అతను మెట్లమీద బోల్టులు బిగిస్తే ఆమె సరిచూసింది. బిగించాక అతను తన బరువంతా దానిమీద వేసి ఊగి చూశాడు. కదల్లేదు.

"గట్టిగా చేశావు" అన్నాడు. స్పానరు తుడుస్తూ, "ఆ వైరు సంగతి... నాకు రాని పనిలో వేలు పెట్టానే" అన్నాడు.

"తెలిసీ స్విచ్చేసింది నేనేగా" అందామె.

బేకరీ ఆవిడ కూతురు ఆ మధ్యాహ్నమే వచ్చింది. ఎడమచేత్తో బిడ్డను పొదువుకుని, కుడిచేత్తో రెయిలింగు పట్టుకుని, మెట్టుకో క్షణం ఆగుతూ ఎక్కింది. కింద నిలబడ్డ ఆమె కళ్ళు పిల్లమీద లేవు, తన అతుకులమీదే ఉన్నాయి. తలుపు మూసుకున్న చప్పుడయ్యాకే ఊపిరి వదిలింది.

"టీ తాగి వెళ్ళండి" అంది బేకరీ ఆవిడ.

"మళ్ళీ వస్తామండీ. అత్తయ్య ఒక్కతే ఉంది" అంటూ ఆమె అప్పటికే వీధిలోకి నడిచింది. స్పానరు జేబులో దోపుకుంటూ భర్త వెనకాలే పరుగులాంటి నడక అందుకున్నాడు.