గెలిచాక ఆట

"ఇంట్ల ఊకెనే ఉంటవ్ గదా, పోయి గోడలకు నీళ్లు కొట్టు" అన్నాడు మా ఆయన సీతారాములు.

దిల్‌సుఖ్‌నగర్ కిరాయి ఇంట్లో వంట ముగించి, మన్సూరాబాద్‌లో కడుతున్న కొత్త ఇంటికి రోజూ వెళ్తాను. సిమెంటు పగలకుండా పైపుతో గోడలు తడపడం నా పని. మేస్త్రీకి కూలి ఉంది. కావలి ఉండే బుచ్చవ్వకు జీతం ఉంది. నేను మాత్రం ఊరికే ఉండేదాన్ని.

ఆ రోజు సంచిలో మా నాయన ట్రాన్సిస్టర్ కూడా ఉంది. ఢిల్లీలో రంజీ ఫైనల్. నాయన చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు హైదరాబాద్ ఒక్కసారి ఆ కప్పు గెలిచిందట. మళ్లీ గెలుస్తుందని రేడియో చెవికి ఆనించుకునే ముసలివాడయ్యాడు, అలాగే కన్నుమూశాడు. పక్కన కూర్చున్న పాపానికి ఆ ఎదురుచూపు నాకు అంటించాడు. పెళ్లయ్యాక ఒకసారి స్కోరు చెప్పబోతే అత్తమ్మ, "ఆడిదానికి గా ముచ్చటెందుకు, పప్పు మాడుతుంది సూడు" అంది. పప్పు నిజంగానే మాడింది. మళ్లీ ఎవరితోనూ అనలేదు.

ఆట తేలకపోతే మొదటి ఇన్నింగ్స్‌లో పరుగులు ఎక్కువ చేసినవాళ్లదే కప్పు. ఇక మిగిలింది రేపొక్కరోజే, ఆట తేలేలా లేదు. ఢిల్లీ మన స్కోరుకు దగ్గరగా వచ్చేసింది. ఆఖరి వికెట్. పైపు వదిలేసి రేడియో దగ్గర కూర్చున్నాను.

అప్పుడే ఆయన స్కూటర్ ఆగింది. వెనక కరెంటు పనిచేసే మట్టయ్య.

"మట్టయ్యకు చాయ్ తే."

"జరసేపు. ఆఖరి వికెట్."

"ఐదు దినాల ఆట. ఎటు పోతది?"

సందు చివరి హోటల్‌కు వెళ్లాను. కాళ్లకు అలవాటు.

తిరిగొచ్చేసరికి రేడియో ఆయన ఒళ్లో ఉంది.

"ఔటైన్రు" అన్నాడు గ్లాసు అందుకుంటూ. "మనకన్న తక్కువనే."

నా ఇన్నేళ్ల ఎదురుచూపు నేను హోటల్ ముందు నిలబడి ఉండగా ముగిసిపోయింది.

"ఏందమ్మా, కండ్లల్ల సిమెంటు పడ్డదా?" అంది బుచ్చవ్వ.

"గెలిచినమవ్వా."

"ఎవలు?"

"మనం."

"ముందుగాల ఇల్లు పూర్తి కానీ, గప్పుడు గెలిచినమందాం."

పైపు తీసుకుని ఇంటి వెనక్కి నడిచాను. "వచ్చింది నాయనా" అన్నాను తడిగోడతో.

సాయంత్రం స్కూటర్ మీద చెప్పాను. "రేపు నీళ్లు మీరే కొట్టుండ్రి. నేను ఇంట్ల రేడియోల మ్యాచ్ ఇంటా."

"గెలిచినమన్నవ్ గదా. ఇంకేముంటది?"

"గెలిచినంక ఎట్ల ఆడుతరో ఇనాలె."

"మరి గోడలు?"

"ఎటు పోతయ్?"