కొత్త తుపాకి జిడ్డు

తుపాకి గొట్టంలోంచి లాగిన గుడ్డపేలిక మళ్ళీ తెల్లగానే వచ్చింది. నూనె బాబాయ్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఎత్తి చూశాడు, తిరగేసి చూశాడు. మరకా లేదు, మచ్చా లేదు. ఇంకెవరైనా అయితే హమ్మయ్య అనుకునేవాళ్ళు. ఈయనకి మాత్రం ప్రాణం ఉసూరుమంది.

ఆయుధాగారంలో అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఎంత సబ్బు రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు పోదు. చొక్కా ఉతికినా కిరోసిన్ వాసన వదలదు. "కళ్ళు మూసుకున్నా చెప్పగలను మీరొచ్చారని," అని భార్య బతికున్న రోజుల్లో ఎగతాళి చేసేది. చేసేది గొప్ప ఉద్యోగమేం కాదు. పెట్టెల్లో వచ్చే కొత్త తుపాకులకి తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీవాళ్ళు గోధుమరంగు గ్రీజు దట్టంగా పూసి పంపుతారు. ఆ జిడ్డంతా వదిలించి, ఆరబెట్టి, పలచగా నూనె రాసి, మొదటిసారి పేల్చడానికి సిద్ధం చేసి ఇవ్వాలి. జీవితమంతా అదే పని. తను మాత్రం మనిషి మీదికి ఒక్క తూటా పేల్చి ఎరగడు.

ఈ దఫా వచ్చిన తుపాకులన్నీ మంచుకొండల సరిహద్దుకి వెళ్ళే కొత్త జట్టువి. ఆ జట్టులో ఆయన కూతురుంది. మిగతావన్నీ చకచకా ముగించేసి, ఆమెకి కేటాయించిన దాన్ని మాత్రం పట్టుకుని కూర్చున్నాడు. పేలిక దూర్చడం, లాగడం, చూడటం, మళ్ళీ దూర్చడం. మధ్యలో లేచి నీళ్ళు తాగేవాడు. తలుపు దాకా వెళ్ళి, బయట ఆగి ఉన్న లారీని కోపంగా చూసి వచ్చేవాడు. ఆయన ముందు కాలు కాలిన పిల్లి నయం. పేలిక మీద కాస్త మురికి కనబడితే చాలు, "ఇది ఇంకా కాలేదు" అనొచ్చు. సిద్ధం కాని తుపాకితో మనిషిని పంపరు, అది ఇక్కడి నియమం. ఇవాళ లారీ తప్పిపోతే, ఇంకో జట్టు బయల్దేరేదాకా కూతురు ఇంట్లోనే ఉంటుంది. ఆయన అడిగింది ఆ కాస్త మురికే. ఛ, అదీ దొరకలేదు!

"ఏం బాబాయ్, దానికి పెళ్ళిగానీ చేస్తున్నావా? బండి కదలాలి!" గుమ్మంలోంచి కేకేశాడు లారీ డ్రైవరు.

"నెత్తిమీద కూర్చోకయ్యా, అయిపోతుంది!" అని కసిరాడు.

కాలేదని అబద్ధం చెబుదామనే నోరు తెరిచాడు. పని విషయంలో అబద్ధమాడటం చేతకాలేదు. తూటాని గొట్టంలోకి నెట్టే బోల్టు బిగించి తుపాకిని బల్లమీద పెట్టాడు.

అంతలో కూతురే వచ్చింది. కొత్త యూనిఫాం ఇంకా ఒంటికి అలవాటు పడలేదు. జుట్టు లాగి ముడి వేసి పిన్నులు గుచ్చింది.

"ఏంటి నాన్నా, అందరివీ అయ్యాక నాదా?"

"బాగా చేద్దామని."

"తెలుసులే నీ బాగు."

తల్లి పోయాక బడి నుంచి నేరుగా ఇక్కడికొచ్చి ఈ బల్ల పక్కనే పెరిగిన పిల్ల. చూస్తూ చూస్తూ అన్నీ నేర్చేసుకుంది. అలవాటుగా బోల్టు బయటికి లాగింది. తలలోంచి ఒక పిన్ను తీసి, బోల్టు లోపలికి పెట్టి గీకింది. పిన్ను కొనకి గోధుమరంగు జిడ్డు ముద్దగా అంటుకుని వచ్చింది.

"నాన్నా..."

ఆయన పిన్ను అందుకుని చూశాడు. గొట్టాన్ని అన్నిసార్లు తుడిచినవాడు, తూటాని వెనకనుంచి కొట్టే సూది ఉండే గుంటని మరిచేపోయాడు! మంచుకొండల్లో ఆ జిడ్డు గడ్డకడితే సూది కదలదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పిల్ల ఎంత నొక్కినా తుపాకి పలకదు. పొద్దుటినుంచీ తన బెంగ తను చూసుకున్నాడు గానీ, పిల్ల ప్రాణం సంగతి చూడలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

బయట హారన్ మోగింది.

"ఇప్పుడు చెప్పొచ్చు నాన్నా, ఇంకా కాలేదని," అంది కూతురు మెల్లగా. "నేనేం అనను."

అంతా కనిపెట్టేసిందన్నమాట!

"నీకు వెళ్ళాలనుందా?" ఇన్నాళ్ళూ అడగని మాట అడిగాడు.

"ఉంది. భయంగా కూడా ఉంది."

ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. "ఆ డ్రైవరుని ఆగమను," అని బోల్టు లాక్కున్నాడు. జన్మలో అంత వేగంగా పని చేసి ఎరగడు. సూది, స్ప్రింగు విప్పి కిరోసిన్‌లో ముంచాడు. పుల్లకి దూది చుట్టి గుంటంతా తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. ఆరాక సూదికి చుక్క నూనె రాసి, ఆ చుక్కనీ పొడిగుడ్డతో అద్దేసి, అన్నీ మళ్ళీ బిగించాడు.

"చలిలో నూనె ఎక్కువ పెట్టకు. మొదటిసారి పేల్చేముందు గొట్టం పొడిగుడ్డతో తుడువు."

"తెలుసు నాన్నా."

"తెలిసినా చెబుతా, విను."

తుపాకి భుజాన తగిలించుకుని, కొత్త యూనిఫాంకి మరకలవుతాయని కూడా చూడకుండా ఆయన్ని గట్టిగా వాటేసుకుంది. "వేళకి తిను. పడుకునేముందు స్టవ్వు ఆర్పావో లేదో చూసుకో," అని చెప్పి గబగబా వెళ్ళిపోయింది. లారీ మలుపు తిరిగే చప్పుడు విన్నాడు. చూడటానికి మాత్రం బయటికి వెళ్ళలేదు.

నూనె డబ్బాకి మూత పెట్టాడు. పేలికలు ఏరాడు. కడ్డీలు తుడిచి గూట్లో సర్దాడు. ఎక్కడ జిడ్డు కనబడ్డా తుడవకుండా ఉండలేని మనిషి. బల్ల తుడుస్తూ తుడుస్తూ ఒక మూల చెయ్యి ఆపేశాడు. అక్కడ తలపిన్ను పడి ఉంది, కొనకి గోధుమరంగు జిడ్డుతో, వంపులో చిక్కుకున్న ఒక పొడుగాటి వెంట్రుకతో.