హాజరుపట్టీలో తొమ్మిదిమంది

సోమవారం లోపల కావలసిన పనులను పర్వీన్ ఒక పాత కరెంటు బిల్లు వెనక రాసుకుంది.

నారాయణ మామ ఆధార్ జిరాక్సులు, మూడు.
ఎక్స్‌రే. భీమత్త దిండు కింద పెట్టుకుంది, మడత పడకుండా తేవాలి.
పాత అర్జీల రసీదులు, ఏడు.
మనిషిని పడుకోబెట్టి తీసుకుపోయే ఆటో.
ఎంతమంది వస్తారో ఏసుబాబన్నను అడగాలి.
నారాయణ మామ మిల్లులో పనిచేసినట్టు కాగితం.

చివరి పనిని రెండుసార్లు రాసి రెండుసార్లు కొట్టేసి, మళ్ళీ రాసింది. అది దొరికితే తక్కినవన్నీ దొరికినట్టే.

బొంతలపల్లెలో ఉన్నది ఒకటే మిల్లు. మంగంపేట గనుల నుంచి లారీల్లో వచ్చే ముగ్గురాయిని అక్కడ పిండి చేస్తారు. ఆ పిండి మిల్లు గోడల దగ్గర ఆగదు. వేపచెట్ల మీద, ఆరేసిన బట్టల మీద, మనుషుల కనురెప్పల మీద వాలుతుంది. రొమ్ములోకి పోయింది మాత్రం తిరిగి రాదు. నారాయణకు నలభై ఆరేళ్ళు. మంచం మీద నుంచి గడప దాకా రావడానికి రెండుసార్లు ఆగుతాడు. ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషను ఉంటే మనిషి నిలబడతాడని పెద్దాస్పత్రి డాక్టరు చెప్పాడు. మిషను సర్కారే ఇస్తుంది. కానీ అది రాతిపిండి వల్ల వచ్చిన జబ్బేనని మెడికల్ బోర్డు రాసివ్వాలి. ఆ బోర్డు కూర్చుని పద్నాలుగు నెలలయింది.

సోమవారం సోమవారం పర్వీన్ జిల్లా ఆఫీసులో అర్జీ పెట్టింది. తమ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. అర్జీ రాయడం వస్తే పని అవుతుందని నమ్మింది. ఆరు అర్జీలకు 'బోర్డు నియామకం పరిశీలనలో ఉన్నది, అర్జీ పరిష్కరించబడినది' అని ఫోనుకు మెసేజి వచ్చింది. ఏడో దానికి జవాబు మారింది. 'అర్జీదారు పేరు సదరు మిల్లు హాజరుపట్టీలో లేదు. అర్జీ పరిష్కరించబడినది.'

పేరు లేని మాట నిజమే. ఎందుకు లేదో బొంతలపల్లెలో అందరికీ తెలుసు.

మిల్లు పట్టీలో ఇరవై రెండు పేర్లున్నాయి. మనిషి చచ్చిపోతే పేరు కొట్టెయ్యరు. కొట్టేస్తే ఎందుకు పోయాడో రాయాలి, కొత్తవాడికి డాక్టరు పరీక్ష చేయించాలి. అందుకని కొత్తవాడు చచ్చినవాని పేరు కింద దిగుతాడు. దిగిన రోజు చచ్చినవాని ఇంటికి పోయి, ఆ ఇంటి ఆడమనిషి చేతి నీళ్ళు చెంబెడు తాగుతాడు. అది ఎవరు పెట్టిన ఆచారమో తెలియదు. కూలోళ్ళే పెట్టుకున్నారు. పోయినవానికి మర్యాద అనుకున్నారు.

పర్వీన్ నాయన రసూల్ సాహెబ్ ఇదే జబ్బుతో చచ్చి పందొమ్మిది నెలలు. ఆయన పేరు కింద దిగినవాడు నారాయణ. ఆ రోజు పర్వీన్ అమ్మ షంషాద్ బీ తన చేత్తోనే నీళ్ళిచ్చింది.

అప్పటినుంచి ప్రతిరోజూ పొద్దున ఆరుగంటలకు మిల్లు మైకులో మేస్త్రీ "రసూల్ సాబ్" అని పిలుస్తాడు. ఊరంతా వినపడుతుంది. షంషాద్ బీ వాకిలి ఊడుస్తూ ఆగిపోతుంది. మైకులోనే "వచ్చినా" అని ఎవరిదో గొంతు వస్తుంది. అప్పుడు మళ్ళీ చీపురు కదులుతుంది. ఆ పట్టీలో అట్లాంటి పేర్లు తొమ్మిది. తొమ్మిది వాకిళ్ళలో తొమ్మిది చీపుళ్ళు ఆగి కదులుతాయి.

గురువారం పొద్దున పర్వీన్ కాగితం కోసం మిల్లు గేటు దగ్గరికి పోయింది. పిలుపులు అప్పుడే మొదలయ్యాయి.

"రసూల్ సాబ్!"

"వచ్చినా."

పర్వీన్ ఉలిక్కిపడింది. నారాయణ మామ ఇంట్లో మంచం మీద ఉన్నాడు. ఇన్నాళ్ళూ అతని బదులు పక్కవాడెవరో పలికేవాడు. ఈరోజు పలికినవాడు కొత్తవాడు, ముఖానికి తడితువ్వాల చుట్టుకున్నాడు. టమోటా పంట పోయి పత్తికొండ తట్టు నుంచి కూలికొచ్చిన మనిషి, పేరు గోపన్న.

"మేస్త్రీ సార్, నారాయణ మామ ఈడ పనిచేసినట్టు ఒక కాగితం రాసియ్యండి," అంది.

మేస్త్రీ పట్టీ తిప్పి చూపించాడు. "ఏ నారాయణ, మ్మా? ఆ పేరుతో ఈడ ఎవురూ లేరు. రసూల్ సాబ్ ఉండాడు. అదో, లోపలికి పోతాండాడు చూడు. గట్టిగా ఉండాడు."

చచ్చిపోయిన మనిషి కూతురితో ఆ మాటన్నాడు. అంటూ నవ్వలేదు కూడా. లెక్క ప్రకారం అతను చెప్పింది సరిగ్గానే ఉంది. పర్వీన్ వెనక్కి తిరిగింది. నాయన వీపును ఒక్కసారి చూడాలనిపించి, సిగ్గుపడి, చూడకుండా వచ్చేసింది.

ఆ సాయంత్రం ఎక్స్‌రే కోసం నారాయణ ఇంటికి పోయింది. భీమమ్మ మంచం పక్కన కూర్చుని మొగుడి వీపు రుద్దుతోంది. ఇంతలో వాకిట్లో ఎవరో దగ్గారు. గోపన్న. స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చాడు. అయినా చెవుల మడతల్లో తెల్లపిండి ఉంది.

"అక్కా, నేను పేరు కింద దిగినోన్ని. ఈ ఇంట్లో చెంబెడు నీళ్ళు తాగల్లని చెప్పినారు," అన్నాడు చేతులు కట్టుకుని. పాపం, ఊరికి కొత్త. తనకు ముందు ఆ పేరుతో పనిచేసినవాడు నారాయణ అని ఎవరో చెబితే, చచ్చినవాడు నారాయణే అనుకున్నాడు.

భీమమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచిన కేక నాలుగిళ్ళ అవతలికి పోయింది. "ఓరి నీ నోరు పడిపోను! ఇంగా బతికే ఉండాడు రా! కండ్లు తెరిచి సూడు, మంచం మీద ఉండాడు!"

గోపన్న మంచం వైపు చూసి, "తప్పయిపాయ అన్నా, తెలీదన్నా," అంటూ గోడకు ఆనుకున్నాడు. జనం పోగయ్యారు. ఎవరో అతని చొక్కా పట్టుకున్నారు.

నారాయణ చెయ్యెత్తాడు. అతను మాట్లాడాలంటే ఊపిరి పోగేసుకోవాలి. అందరూ ఆగారు.

"వాన్ని ఏమనొద్దు. భీమీ... నీళ్ళియ్యి. దప్పిక్కి తాగనీ." మళ్ళీ ఊపిరి వెతుక్కున్నాడు. "పేరు మాత్రం... ఇయ్యొద్దు. ఎవురూ... ఇయ్యొద్దు."

అక్కడే ఆ వాకిట్లోనే మీటింగు మొదలైంది. ఎవరూ పిలవలేదు, బెంచీలు వెయ్యలేదు.

"పేర్లు కదిలిస్తే మిల్లు మూస్తాడు. అప్పుడు పిలకాయలకు మట్టి పెడతామా?" అన్నాడు ఒక పెద్దాయన.

"ఇప్పుడేం పెడతాండావు తాతా? అన్నంలో ముగ్గురాయి కలిపి పెడతాండావు," అన్నాడు లోడింగు కూలి ఏసుబాబు.

"నువ్వు ఒంటిగానివి, నీకేమప్పా!"

"ఒంటిగాన్నే. మా అన్న పేరు కింద పనిచేస్తాండా నేను. వాని పేరు పిలిస్తే నేను పలుకుతా. ఇంట్లో మా అమ్మ నన్ను చూస్తే ఏడుస్తాది. నేనెవరో నాకే తెలీకుండా పోయింది."

"తప్పు ఆఫీసోళ్ళది. బోర్డు పెట్టంది వాళ్ళు. మనమేం చేసినాం?" అన్నారు ఇంకెవరో.

అప్పుడు షంషాద్ బీ ముందుకొచ్చింది. ఎప్పుడూ పదిమందిలో మాట్లాడని మనిషి. "మనమూ చేసినాం," అంది. "నేను నీళ్ళిచ్చినా. నా మొగుడు చచ్చినాక కూడా పనికి పోతానే ఉండాడు. పొద్దున్నే ఆయన పేరు వినపడితే నాకు ధైర్యంగా ఉన్నింది. ఆయన పట్టీలో బతికుంటే ఆఫీసోళ్ళు ఏమనుకుంటారు? మిల్లులో ఎవురికీ జబ్బు లేదు, ఎవురూ సావలేదు అనుకుంటారు. బోర్డు ఎందుకు పెడతారు? నా ధైర్యం నారాయణను తినేసింది." ఆమె కొంగు అంచు నలుపుతూ నిలబడింది. "రేపటినుంచి నా మొగుని పేరుకు ఎవురూ పలకొద్దు. ఆయన్ని పండుకోనియ్యండి."

శుక్రవారం పొద్దున ఆరుగంటలకు మైకు మోగింది. బతికున్నవాళ్ళ పేర్లకు జవాబులు వచ్చాయి. తర్వాత "రసూల్ సాబ్" అన్న పిలుపు వచ్చింది. దానికి ఎవరూ పలకలేదు. మేస్త్రీ రెండోసారి పిలిచాడు. మైకులో గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. తొమ్మిది పేర్లూ అట్లాగే పోయాయి. ఊళ్ళో ఒక్క చీపురూ కదల్లేదు. షంషాద్ బీ వాకిట్లో కూర్చుని, పందొమ్మిది నెలల తర్వాత మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

మిల్లు యజమాని కారులో వచ్చాడు. "పలకనోళ్ళు బయటికి పొండి," అన్నాడు. పలకనివాళ్ళతో పాటు పలికినవాళ్ళూ బయటికొచ్చి గేటు ముందు కూర్చున్నారు. మిల్లు ఆగింది. మధ్యాహ్నానికి గాలిలో పిండి తగ్గి, ఎదురుగా ఉన్న గుట్ట స్పష్టంగా కనపడింది. శనివారం సాయంత్రానికి యజమాని దిగొచ్చాడు. లారీలు రోడ్డు మీద నిలిచిపోయాయి మరి. కొత్త పట్టీ రాశారు. చచ్చిన తొమ్మిదిమంది పేర్ల ఎదురుగా చచ్చిన తేదీలు రాయించారు. నారాయణ పేరు, చేరిన తేదీతో సహా, రాయించారు. పర్వీన్ ఆ పేజీని ఫోనులో ఫోటో తీసుకుంది.

సోమవారం జిల్లా ఆఫీసుకు డెబ్బైమంది పోయారు. నారాయణ ఆటోలో పడుకున్నాడు, అద్దెకు తెచ్చిన సిలిండరు భీమమ్మ ఒళ్ళో ఉంది. అర్జీలు తీసుకునే గుమాస్తా నాగజ్యోతి పర్వీన్‌ను గుర్తుపట్టింది. "మళ్ళీ వచ్చినావా మ్మా? ఇయ్యి, ఎక్కిస్తా."

"అర్జీ తేలేదు మేడం."

"మరి?"

"తేదీ కావల్ల. బోర్డు ఏ తేదీన కూర్చుంటాదో సంతకం పెట్టిన కాగితం కావల్ల."

ఆఫీసరు లోపలినుంచి వచ్చాడు. నియామకం తన చేతిలో లేదన్నాడు, పై నుంచి రావాలన్నాడు, ఇద్దరు వచ్చి మాట్లాడమన్నాడు. ఏసుబాబు లేచి, "ఇద్దరుంటే ఇద్దరు లేరంటారు సార్ మీరు. అందరం ఈడనే ఉంటాం. లెక్కబెట్టుకోండి," అన్నాడు. తర్వాత వితంతువులు ఒక్కొక్కరే లేచి, మొగుడి పేరు, చచ్చిన తేదీ చెప్పి కూర్చున్నారు. అరుపుల్లేవు, నినాదాల్లేవు. పేరు, తేదీ. పేరు, తేదీ. వేరే పనుల మీద వచ్చినవాళ్ళు కూడా వరుసలు వదిలి చుట్టూ నిలబడ్డారు. నాలుగో పేరు దగ్గర నాగజ్యోతి కీబోర్డు మీద చేతులు తీసేసింది. మూడుగంటలకు కాగితం వచ్చింది. గురువారం, పదిన్నరకు, బోర్డు.

బుధవారం పొద్దున పదిగంటలకు, పర్వీన్ జిరాక్సు అంగట్లో ఉండగా, నారాయణ చచ్చిపోయాడు. ఎండపొద్దున, వేపచెట్టు కింద, మంచం మీద. భీమమ్మ విసనకర్ర ఆపలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారు.

గురువారం బోర్డు కూర్చుంది. పద్నాలుగు నెలలు దొరకని డాక్టర్లు ముగ్గురు, బల్ల వెనక. నాగజ్యోతి పేర్లు చదివింది.

"బండి నారాయణ."

నిన్నటి చితి వాసన ఇంకా బట్టల్లో ఉన్న భీమమ్మ లేచింది. 

"రాలేదా? గైర్హాజరు అని రాసి తర్వాతి పేరు పిలవమ్మా," అన్నాడు పెద్ద డాక్టరు.

"గైర్హాజరు కాదు సార్," అంది పర్వీన్. "ఆయన అర్జీ ఏడుసార్లు వచ్చింది. మీరే రాలేదు. బోర్డు కోసం ఎదురుచూస్తా చచ్చిపోయినాడని రాయండి."

"అట్లా రాసే గడి లేదమ్మా ఇందులో. తర్వాత ఎవరు? ఏసుబాబు."

"ఉండాను సార్. ఆ మాట రాసేదాకా రాను."

"గోపన్న."

"నేనూ రాను సార్."

డాక్టరు కళ్ళజోడు తీశాడు. "మీ మంచికే చెబుతున్నా. ఈ రోజు పోతే బోర్డు మళ్ళీ ఎప్పుడో నాకే తెలియదు. మీ రొమ్ములు, మీ ఇష్టం."

ఆ మాట నిజమని వాళ్ళకు తెలుసు. జబ్బుతో పని మానుకున్న పాత కూలోళ్ళతో కలిపి వరుసలో ముప్పై ఒక్కమంది ఉన్నారు. అందులో నలుగురు మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గుతున్నారు. నాగజ్యోతి ముప్పై ఒక్క పేర్లూ చదివింది. చివరి పేర్లకు ఆమె గొంతు కూడా చిన్నదైపోయింది. ఒక్కరూ లోపలికి పోలేదు.

మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. విధులకు ఆటంకం అని పర్వీన్‌ను, ఏసుబాబును జీపు ఎక్కించారు. "మ్మే, అన్నం తిన్నావా?" అని షంషాద్ బీ జీపు వెంట నడుస్తూ అడిగింది, కూతురు కాలేజీకి పోతున్నట్టు. జీపు కదిలాక ఆమె వెనక్కి వచ్చి, పర్వీన్ కూర్చున్న చోట కూర్చుంది. తక్కినవాళ్ళు లేవలేదు. తర్వాతి సోమవారానికి ఆ ఆవరణలో మూడువందలమంది ఉన్నారు. కోయిలకుంట్ల నుంచి కూడా ఒక లారీ వచ్చింది. అందులో ఉన్నది మిల్లు కూలీలు కాదు. పింఛను కోసం, పాసుబుక్కు కోసం, చావు ధ్రువపత్రం కోసం ఏళ్ళ తరబడి తిరుగుతున్నవాళ్ళు. ఫోనుల్లో 'పరిష్కరించబడినది' అన్న మెసేజీలు ఒకరికొకరు చూపించుకుంటున్నారు.

బోర్డు రిజిస్టరులో నారాయణ పేరు ఎదురుగా గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఏమీ రాయలేదు, కొట్టెయ్యనూ లేదు. వాళ్ళు రాసేదాకా మీరు గుర్తుపెట్టుకోండి: బండి నారాయణ, నలభై ఆరేళ్ళు, ఊరు బొంతలపల్లె. ఎదురుచూస్తూ చచ్చిపోయాడు.