సమాధుల తోటలో ఇప్పగింజలు

ఆ మే నెలలో సత్తుపల్లి సంఘపువాళ్లు ఒక పెద్దాయనను సమాధి చేస్తుండగా, ఆఖరి ప్రార్థన మధ్యలో పాస్టరుగారు ఎండకు కళ్లు తిరిగి కూలబడ్డారు. నలుగురూ పట్టుకుని, మొహాన నీళ్లు చల్లి ఆటోలో కూర్చోబెట్టారు. పేరుకు సమాధుల తోట. నిలబడదామంటే ఒక్క చెట్టు లేదు.

సంఘ పెద్ద జకర్యాకు ఆ సంగతి మనసులోంచి పోలేదు. ఆయన ముప్పయ్యేళ్లు బొగ్గుగనిలో డంపరు నడిపి రిటైరైన మనిషి. అడవి కొట్టేసినచోట తవ్విన మట్టిని మోసి గుట్టలుగా పోసినవాడు. ఏటేటా ఎండ ముదురుతుంటే అందులో తన చేయీ ఉందని ఆయనకు తెలుసు. ఆ జీతంతోనే పిల్లలు చదువుకున్నారు, అదీ నిజమే.

"దేవుడు మనిషికి మొదట ఇచ్చిన పని తోట చూసుకునుడే గద అయ్యగారూ. మనం గదే పక్కన పెట్టినం," అన్నాడు పాస్టరుగారితో.

జూన్ రాగానే నర్సరీ నుంచి నలభై మొక్కలు తెచ్చి నాటాడు. వానలు మొహం చాటేశాయి. సగం ఎండిపోయాయి, మిగతా సగం మేకలు మేశాయి. సంఘమంతా నవ్వుకుంది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయన భార్య విశ్రాంతమ్మ.

సంతలో అడవి సరుకు అమ్మే గిరిజన గూడెం మనిషి కన్నమ్మ దగ్గర కుంకుడుకాయలు కొంటూ జకర్యా తన గోడు చెప్పుకున్నాడు.

"ఏం మొక్కలు పెట్టినవ్ సారూ?"

"పేరు ఇంగ్లీషుల ఉంది. నోరు తిరగదు."

"గందుకే సచ్చినయ్! ఈ మట్టి ఎరిగిన చెట్టు పెట్టాలె. ఇప్ప, కానుగ, నేరేడు. ఇప్పగింజ ఇప్పుడే రాలుతున్నది. ఎండబెడితే మొలవది, జల్దీ నాటాలె."

"నువ్వొచ్చి చూపిస్తవా అమ్మా?"

కన్నమ్మ తటపటాయించింది. "మీ దేవుడి జాగ గద. మా అసుంటోళ్లు రావొచ్చునా?"

"భూమంతా ఆయనదే. వద్దనడానికి నేనెవర్ని?"

ఎట్టకేలకు వాన పడింది. ఆ ఆదివారం ఆరాధన కాగానే కన్నమ్మ గింజల సంచితో వచ్చింది. నేలను తాకి తన భాషలో ఏదో అనుకుంది. అందాకా పాస్టరుగారు తల వంచుకుని ఆగారు. ఆయన ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆమె ఆగింది. తర్వాత పెత్తనమంతా ఆమెదే.

"గంత లోతు పెడితే మొలక పైకెట్ల వస్తది అయ్యగారూ? రెండేళ్లు చాలు!"

"రెండేళ్లా?" పాస్టరుగారు బిత్తరపోయారు.

కన్నమ్మ తన రెండు వేళ్లు చూపించింది. అందరూ గొల్లున నవ్వారు. జకర్యా మోకాళ్ల మీద కూర్చుని, తడి మట్టిలోకి ఒక్కో గింజనూ వేలితో దింపాడు. ముప్పయ్యేళ్లు మట్టి మోసినా చేత్తో ముట్టింది తక్కువే. ఎందుకో కళ్లు చెమర్చాయి. చుట్టూ విశ్రాంతమ్మ వాళ్లు మేకలు రాకుండా రేగుకంప నాటారు.

దసరా దాటేసరికి ఎర్రటి లేతాకులతో మొలకలు జానెడు లేచాయి. కబురు తెలిసి కొత్తగూడెం నుంచి ఒక సంఘంవాళ్లు ఫోన్ చేశారు.

"మాకూ నాటిపెడతరా అన్నా?"

"నాకేం తెల్వదు. కన్నమ్మను అడిగి తోలుకొస్తా," అన్నాడు జకర్యా. "కాని ఆమె చెప్పినట్టు వినాలె. పాస్టరైనా సరే, గడ్డపార పట్టాల్సిందే!"