మూడో ఏటి ఒడిబియ్యం

దూరదేశాల ఆఫీసర్లకు మన మహిళా సంఘాలు ఎలా నడుస్తాయో చెప్పడం నా ఉద్యోగం. కరీంనగర్‌లోని మా శిక్షణ కేంద్రానికి ఏటా ఒకటో రెండో బృందాలు వస్తాయి. ఆఫ్రికా నుంచి వస్తారు, మధ్య ఆసియా నుంచి వస్తారు, పేరు పలకడానికి నోరు తిరగని దీవుల నుంచి కూడా వస్తారు. మన పొదుపు విధానాలు వాళ్లు రాసుకుంటారు, వాళ్లవి మనకు చెబుతారు, చివరిరోజు మెడలో శాలువాలతో ఫొటో దిగుతారు. దేశాల మధ్య సహకారం పెరిగిందని మర్నాడు పేపర్లో వస్తుంది. దేశాల సంగతేమో గాని, కొన్ని వారాలు ఒకే బల్ల దగ్గర తిన్న మనుషులు మాత్రం దగ్గరవుతారు. తర్వాత విమానమెక్కి పోతారు. ఆ పోవడం గురించి ఏ పేపరూ రాయదు.

ఆ శిక్షణలో 'ఒంటరి మహిళలు' అనే పాఠం నాది. భర్త పోయిన ఆడవాళ్లను సంఘంలో ముందు వరుసలో ఎందుకు కూర్చోబెట్టాలో తెర మీద బొమ్మలు చూపిస్తూ చెబుతాను. అనసూర్య మేడం చాలా బాగా చెబుతుందని పేరు. చెప్పి ఇంటికొచ్చి, తాళం తీసి, ఒక్కదానికే చాయ్ పెట్టుకుంటాను. మా ఆయన విద్యాధర్ పోయినప్పటి నుంచి మా పుట్టింటివాళ్లు నాకు ఒడిబియ్యం పోయడం మానేశారు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా దిక్కు పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటివాళ్లు మూడో ఏడనో అయిదో ఏడనో పిలుస్తారు. కొత్త చీర కట్టించి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రైకముక్క పెడతారు. ఆ బియ్యం తెచ్చుకుని తన ఇంట్లో వండి నలుగురికి పెట్టుకోవాలి. ముత్తయిదువలు పోస్తారు, ముత్తయిదువకే పోస్తారు.

పండక్కి చీర ఇప్పటికీ వస్తుంది. ఇదివరకైతే మా అమ్మ, మేం అవ్వ అంటాం, ఫోన్ చేసి, "ఏ రంగు తీస్కోను బిడ్డా?" అని అడిగేది. నేనేం చెప్పినా అది నాకు నప్పదని కొట్లాడి, చివరికి తనకు నచ్చిందే కొనేది. ఇప్పుడు అడగదు. ఏ రంగో తేల్చి చెప్పలేని చీరొకటి పంపిస్తుంది. ఇంటికెళ్తే కోడి కోస్తారు, కడుపునిండా పెడతారు, అవ్వ నా తల నిమిరి ఏడుస్తుంది. ప్రేమకేం తక్కువ లేదు. అయినా నాకు ఆ పీట కావాలి. ఆ కొట్లాట కావాలి. తల నెరుస్తున్నా కావాలి. సిగ్గు పడకుండా చెబుతున్నాను.

చిసోమో మలావీ నుంచి వచ్చింది. అక్కడ మంత్రిత్వ శాఖలో పనిచేస్తుంది, వాళ్ల దేశంలో పొదుపు సంఘాలకు విధానం రాసే కమిటీలో ఉంది. ఆ బృందంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. నా పాఠం అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం బయటికొచ్చి నా పక్కన నిలబడి, "మీ ఇంట్లో నిన్ను ముందు వరుసలో కూర్చోబెడతారా?" అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. వచ్చి వారం కాలేదు, నా గురించి నీకెందుకమ్మా అనుకున్నాను. చాయ్ చల్లారిపోతోందని చెప్పి తప్పించుకున్నాను.

మర్నాడు ఆమే తన సంగతి చెప్పింది. భర్త పోయిన వారంలోనే ఆయన అన్నదమ్ములు వచ్చి వంటగిన్నెలతో సహా మోసుకుపోయారట. గోడకు వేలాడుతున్న జల్లెడ ఒక్కటే మిగిలిందట. "ఆ జల్లెడ పట్టుకుని చాలాసేపు నవ్వాను" అంది. అప్పుడు నేనూ చెప్పాను. గిన్నెలన్నీ ఉన్నాయి, పీట ఒక్కటే లేదని చెప్పాను. ఆ రోజు నుంచి ఆమెకు నేను 'అనూ'ని అయిపోయాను. విద్యాధర్ ఒక్కడే నన్నలా పిలిచేవాడు. వద్దని చెప్పడానికి మనసు రాలేదు.

ఊళ్లు చూపించే రోజులొచ్చాయి. ఈసారి ఆదిలాబాద్ వైపు తీసుకెళ్దామని నేనే అన్నాను. జైనథ్ దగ్గర మా ఊరి సంఘం బాగా నడుస్తుంది, అది నిజమే. నాకు ఇంటికి పోవాలనుంది, అది ఇంకా నిజం. పిలవకపోయినా ప్రభుత్వ పని మీద పోవచ్చు కదా.

నిజాముద్దీన్ భాయ్ బస్సు తీశాడు. కొండగట్టు దగ్గర చాయ్, నిర్మల్‌లో భోజనం, రాత్రికి ఆదిలాబాద్‌లో బస. పొద్దున్నే మా ఊరు చేరేసరికి పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. "మా ఊరు కూడా ఇలాగే ఉంటుంది" అని చిసోమో కిటికీకి అతుక్కుపోయింది.

సంఘం ఆఫీసులో మగ ఆఫీసర్లకు సందేహాలు ఎక్కువ. వాళ్లకు జవాబులు చెబుతూ నేను అక్కడే ఉండిపోయాను. మా వదిన వచ్చి చిసోమోను మా ఇంటికి తీసుకెళ్లింది. పని ముగించుకుని నేను వెళ్లేసరికి మా ఇంటి ముందు గదిలో ఆడవాళ్లంతా మూగి ఉన్నారు. మధ్యలో పీట. పీట మీద చిసోమో. ఒంటి మీద మా వదిన పెట్టెలోంచి తీసిన కొత్త చీర, చెంపలకు పసుపు. వదిన దోసిట్లో బియ్యం తీసి ఆమె ఒళ్లో పోస్తోంది.

నాకు విషయం అర్థమైంది. చిసోమో మెడలో ఎప్పుడూ నల్లటి పూసల దండ ఉంటుంది. మావాళ్లు అది చూసి ముత్తయిదువ అనుకున్నారు. నల్లపూసలు కళ్లెదుట కనబడుతుంటే మొగుడున్నాడా అని ఎవరడుగుతారు?

నేను గడప దగ్గరే నిలబడిపోయాను. నన్ను చూసి చిసోమో ముఖం వెలిగిపోయింది. "అనూ, రా! నువ్వు పొయ్యవా?" అని ఇంగ్లీషులో పిలిచింది. చెయ్యి ఊపిన తీరుకే అందరికీ అర్థమైంది. అవ్వ తల వంచుకుని, "ఆమె పొయ్యద్దు బిడ్డా" అంది.

ఏమంటోందని చిసోమో నా వైపు చూసింది. తర్జుమా నా ఉద్యోగం కదా. చేశాను. "భర్త లేనివాళ్లు ఇది పొయ్యకూడదు, పోయించుకోకూడదు" అని చెప్పాను.

ఆమె ఒళ్లోని బియ్యం వైపు చూసుకుంది. "మరి నాకెందుకు పోశారు?" అంది మెల్లగా.

ఇప్పుడు ఆ మాట తెలుగులో చెప్పాల్సింది నేనే. మావాళ్లకు ఇంగ్లీషు రాదు. మీ బియ్యం బాగున్నాయంటోంది అని చెబితే అందరూ నవ్వుకుని అయిపోయేది. కానీ నాకు ఎప్పటినుంచో ఉన్న కోపం, ఆ పీటను చూడగానే గొంతు దాకా వచ్చింది.

"అవ్వా, ఈమెకు గూడ పెనిమిటి లేడు. అవి నల్లపూసలు కావు, వాళ్ల అమ్మమ్మ ఇచ్చిన దండ."

వదిన దోసిలి గాలిలోనే ఆగిపోయింది. "గిప్పుడెట్ల అత్తా?" అంది పరేషాన్‌గా. వెనక ఎవరో నాలుక కరుచుకున్నారు. చిసోమోకు మాటలు అర్థం కాకపోయినా ముఖాలు అర్థమయ్యాయి. ఒళ్లోని బియ్యం తిరిగి ఇచ్చేద్దామని కొంగు రెండు చేతులా పట్టుకుని లేవబోయింది.

అవ్వ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. "కూసో బిడ్డా. ఒళ్ల పోసిన బియ్యం ఎవలన్న ఎనుకకు తీస్కుంటరా? పోసినంక గీ ఇంటి ఆడివిల్లవే" అంది. వదిన దోసిట్లోవి తను తీసుకుని తానే పోసింది. "మళ్ల మూడో ఏడు రావాలె. మరువకుండ రమ్మని చెప్పు" అంది నాతో. చెప్పింది గాని నా ముఖం వైపు చూడలేదు.

నేను చెప్పాను. చిసోమో వస్తానని తలూపింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి ఆడవాళ్లంతా కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. అసూయ కలిగింది. ఎక్కడి మలావీ, ఎక్కడి జైనథ్! అంత దూరం నుంచి వచ్చిన మనిషికి పొరపాటున దొరికింది, ఆ ఇంట్లో పుట్టినదానికి దొరకలేదు. మూడో ఏడు ఆమె రావడం కుదరదని కూడా ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. ఒకసారి శిక్షణకు వచ్చినవాళ్లను మళ్లీ పంపరు. అది నిబంధన.

తిరుగు ప్రయాణంలో ఘాట్ మలుపులకు చిసోమోకు కడుపులో తిప్పింది. "కాసేపు పట్టుకో" అని బియ్యం మూట నా ఒళ్లో పెట్టి, వెనక సీట్లోకి వెళ్లి పడుకుంది. పసుపు వాసన, కుడుకల వాసన. నేను మూటను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

నిజాముద్దీన్ భాయ్ అద్దంలో చూసి, "మేడం, గా మూట కింద పెట్టుండ్రి, జర ఆరాం ఉంటది" అన్నాడు.

"వద్దు భాయ్."

"బరువైతలేదా?"

"లేదు" అన్నాను. కొండగట్టు దాటి కరీంనగర్ వచ్చే దాకా దించలేదు.

ఆ బియ్యం విమానంలో పోవు. ఆమె ఇల్లు సముద్రాల అవతల ఉంది. అందుకని మా ఇంట్లోనే వండాం. విద్యాధర్ పోయాక మా వంటింట్లో పసుపు బియ్యం ఉడకడం అదే మొదలు. చిసోమో పాలకూరలో వేరుశనగ పొడి వేసి వాళ్ల పద్ధతిలో కూర చేసింది. బృందమంతా వచ్చి కింద వరుసగా కూర్చుని తిన్నారు. నిజాముద్దీన్ భాయ్ రెండోసారి వడ్డించుకుని, "గీ కూర మన ఇంట్ల గూడ చెప్పాలె" అన్నాడు. ఇల్లంతా మనుషులు. వాళ్లు వెళ్లాక గిన్నెలు కడుగుతూ చిసోమో అడిగింది, "మూడో ఏడు నేను రాకపోతే మీ అమ్మ బాధపడుతుందా?"

"పడుతుంది."

"నువ్వు?"

తుడిచిన గిన్నె బోర్లించి ఇంకోటి అందుకున్నాను. మర్నాడు ఆమె వెళ్లిపోయింది. చాలా రోజుల వరకు ఎవరైనా 'అనూ' అంటారేమోనని చెవులు అటే ఉండేవి.

తర్వాత కూడా అప్పుడప్పుడు మాట్లాడుకుంటూనే ఉన్నాం. విధానం చిత్తుప్రతి పూర్తయిందని, భర్త పోయిన ఆడదాని పొదుపు మీద బంధువుల చెయ్యి పడకుండా ఒక నిబంధన తానే రాశానని చెప్పింది. ఆ రోజు మా వదిన చీర కట్టుకుని, ఆ నల్లటి పూసల దండ వేసుకుని ఆఫీసుకు పోయి, ఫొటో పంపింది. నేను దాన్ని అవ్వకు చూపిస్తే, "కుచ్చిళ్లు సక్కగ రాలే" అని మురిసిపోయింది.

ఈమధ్య పత్తి ఏరే రోజుల్లో అవ్వ ఫోన్ చేసింది. "చిసోమోకు మూడో ఏడు పడ్డది. ఎప్పుడొస్తదట?"

ఇక దాచలేక నిబంధన సంగతి చెప్పాను. పై ఆఫీసుకు రాసి చూశాను, మర్యాదగా కాదన్నారని కూడా చెప్పాను.

"గదేం కానూనే? ఆడివిల్ల పుట్టింటికి ఒక్కపారే రావాల్నా?" అని అవ్వ కోప్పడింది. తర్వాత గొంతు తగ్గించింది. "అయితె ఓ పని జెయ్యి. ఆమె పేరు మీద నువ్వొచ్చి కూసో. ఆమె బియ్యం నీ ఒళ్ల పోస్త. గట్లయితె ఊరోళ్లు గూడ ఏమనరు."

నేను ఇన్నేళ్లూ ఎదురుచూసిన పీట. సరే అంటే చాలు. బస్సెక్కి పోయి కూర్చోవచ్చు. అవ్వకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో, ఎన్నాళ్లుగా మనసులో ఉంటే ఈ దారి అంత త్వరగా తట్టిందో నాకు తెలుసు. అయినా నా నోరు ఊరుకోలేదు.

"నేను రాను అవ్వా. ఇంకోళ్ల మాటలు చెప్పుడు నా నౌకరి. ఇంకోళ్ల పేరు మీద పీట మీద కూసునుడు నాతోని కాదు. పిలిస్తె నా పేరు మీద పిలువు. నేను నీ బిడ్డను. నాకు రావాలనే ఉంది, శాన రోజుల సంది ఉంది. కని గట్ల రాను."

ఫోన్‌లో మా ఇంటి కోళ్లు, బాపు దగ్గు వినిపిస్తున్నాయి. అవ్వ ఊపిరి వినిపిస్తోంది. ఎక్కువ అన్నానా, ఉన్నదీ పోగొట్టుకున్నానా అని భయపడ్డాను. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"ఏ రంగు తీస్కోను బిడ్డా?" అంది అవ్వ.

అన్ని దేశాల వాళ్ల ముందు పొద్దంతా మాట్లాడేదాన్ని, ఒక రంగు పేరు కోసం వెతుక్కున్నాను. గోడకు ఆనుకున్నాను. "ఇనవడ్డదా?" అని అవ్వ గద్దించింది.

"ఎర్రది" అన్నాను.

"ఎర్రది నీకు నప్పదే" అంది అవ్వ.