బొందు కట్టే చోట

అన్నం గిన్నెలు తోమే పీచుతోనే నేను గోమార్ల సీసాలు కూడా కడుగుతానని మా ఆయన వెంకట్ చుట్టాలందరికీ చెబుతాడు. అబద్ధం. సీసాలకు వేరే పీచు ఉంది, వేరే బకెట్ ఉంది, ఆ బకెట్ మీద ఎర్ర పెయింటుతో గుర్తు కూడా పెట్టాను. ఈ మాట ఆయనకు ఇరవైసార్లయినా చెప్పి ఉంటాను. అయినా ఎవరైనా ఇంటికొచ్చి చాయ్ తాగుతుంటే చాలు, "జర సూస్కొని తాగుండ్రి, మా ఇంట్ల గోమార్లు గూడ గిలాసలల్లనే ఉంటయి" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే దానికి మళ్లీ ఇంకో మాట పడాలి.

నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. పశువుల ఒంటికి పట్టి రక్తం తాగే గోమార్లు, గడ్డిలో కంటికి ఆనకుండా ఉండే నల్లులు, వాటివల్ల జీవాలకూ మనుషులకూ వచ్చే జ్వరాలు, వీటి మీద హైదరాబాదు వాళ్లు చేస్తున్న పరిశోధనలో రెండేళ్లుగా కాంట్రాక్టు పని నాది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరగాలి. గొర్రె చెవి వెనక, బర్రె పొదుగు పక్కన పట్టిన గోమారిని తల విరగకుండా పట్టకారుతో లాగి స్పిరిట్ సీసాలో వేయాలి, ఊరి పేరూ తేదీ రాయాలి. మనుషులకు వేరే ఫారం. రెండేళ్లలో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చింది, పశువుల పని ఎవరు చేస్తారు, ఒంటి మీద నల్ల చెక్కు ఎప్పుడైనా కట్టిందా. నల్లి కుట్టిన చోట నొప్పి ఉండదు, దురద ఉండదు. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లగా చెక్కు కడుతుంది, అంతే. దాన్ని చూస్తే ఆ జ్వరం ఏదో తెలిసిపోతుంది, మామూలు మాత్రలతో తగ్గిపోతుంది. చూడకపోతే ఊపిరితిత్తుల దాకా వెళ్లి మనిషి పోవచ్చు. ఆ చెక్కు ఫొటో ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. రెండువందల పన్నెండు ఇళ్లలో చూపించాను.

అయిదింటికి లేస్తాను. వంట, మా అమ్మాయి నవ్య జడలు, కోదాడ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే వెంకట్‌కు టిఫిను, బాక్సు. ఏడుంపావుకు ఆయన కాలేజీ బస్సెక్కాక నా బస్సు వెతుక్కుంటాను. సాయంత్రం వచ్చి తలస్నానం చేసేదాకా వంటింట్లోకి రానివ్వడు. ఒంటి మీద గోమార్లు తెస్తానట. తలస్నానం అయిన మరుక్షణం మాత్రం వంటింట్లో ఉండాలి. "ఎమ్మెస్సీ సదివి గొర్ల కాడ పెండల కూసునుడేంది" అని ఈ పనిలో చేరిన కొత్తలోనే కాదు, మొన్న మొన్న కూడా అన్నాడు. ఇదివరకు జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు కూర తిప్పుతూ ఉంటాను.

మోతెలో మా అత్తమామలుంటారు. ఉప్పలయ్య మామకు నలభై గొర్రెలు, రెండు బర్రెలు. వానలు పడ్డాక ఫారాలు పట్టుకుని ఆ ఊరికీ వెళ్లాను. పశువుల పని ఎవరు చూస్తారని అడిగితే మంచం మీద కూర్చున్న మామ, తనే చూస్తానన్నాడు, ఇంకెవరు చేస్తారన్నాడు. సరిగ్గా అప్పుడే అత్త సైదమ్మ నెత్తి మీద గడ్డిమోపుతో వచ్చి, మోపు కింద పడేసి, అవునన్నట్టు తల ఊపింది. మామ గొర్రెలు తోలుకుపోతాడు, నిజమే. దొడ్డి ఊడ్చేది ఎవరు, గడ్డి కోసేది ఎవరు, పొద్దూకితే ఒక్కో జీవాన్నీ కాళ్ల మధ్య ఇరికించుకుని గోళ్లతో గోమార్లు ఏరి పొయ్యిలో వేసేది ఎవరు? పదిహేనేళ్లుగా చూస్తున్నాను. అయినా కుటుంబ యజమాని జవాబు అని ఉన్న గడిలో మామ చెప్పిందే రాశాను. అత్తకు ఫొటో చూపించి, ఒంటి మీద ఎప్పుడైనా ఇలాంటిది అయిందా అని అడిగాను. ఆమె మామ వైపు చూసి కొంగు సర్దుకుని, నాకేముంటయి బిడ్డా అంది. లేదు అని రాశాను. పక్కిల్లు మణెమ్మది. అత్తా ఆమే ఇరవై ఏళ్లు జంటగా గడ్డి కోశారు. పోయినేడు వానాకాలంలో జ్వరంతో మణెమ్మ చనిపోయింది. ఏం జ్వరమని ఆమె భర్తను అడిగితే టైఫాయిడ్ అన్నాడు. అదీ రాశాను.

మూడు వారాలు గడవకముందే అత్తకు జ్వరం వచ్చింది. ఊళ్లో సూదులేయించి, తగ్గకపోతే మామ ఆమెను సూర్యాపేటలో మా ఇంట్లో దింపి, గొర్రెలున్నాయని ఆ పూటే వెళ్లిపోయాడు. వెంకట్‌కు పరీక్షల డ్యూటీ. "నీదేముంది, సీసాలే గద. నాల్గు దినాలు ఆగితే గోమార్లు యాడికి పోతయి?" అన్నాడు. సెలవు పెట్టాను. ఒక ప్రైవేటు దవాఖానలో రక్తం చూసి టైఫాయిడ్ అన్నారు. పొద్దున సెలైన్, సాయంత్రం ఇంటికి. నల్ల చెక్కేమైనా ఉందేమో చూశారా అని అక్కడ అడిగాను. చేతులూ కాళ్లూ చూశాం, ఏం లేవన్నారు. మిగతా ఒళ్లు నేనైనా చూడాలి కదా, చూడలేదు. అత్త ఒళ్లు కోడలు చూడటమేమిటని నాకే అనిపించింది. తొమ్మిదో రోజుకు ఆమె ముద్ద మింగడం మానేసింది. మంచం దిగితే ఆయాసం.

ఆ రోజు మధ్యాహ్నం తడిబట్టతో ఒళ్లు తుడుద్దామని తలుపు వేశాను. వీపు తుడవనిచ్చింది. లంగా బొందు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పట్టుకుంది.

"ఆడ వద్దు బిడ్డా. నేనే తుడ్సుకుంట."

"కూసునే ఓపికనే లేదు నీకు. జర వదులు జేస్త, అంతే."

"ఇన్నేండ్ల కాపురంల మీ మామనే దీపం ఆర్పకుంట సూడలే. నువ్వేం సూస్తవే."

"నాది సూసే పనే గద అత్తమ్మా."

ఆమె చెయ్యి వదిలేసింది. ఒప్పుకుని కాదు, పట్టుకునే బలం లేక. బొందు విప్పాను. నడుము ఎడమ పక్కన, బొందు ముడి పడే చోట, రూపాయి బిళ్లంత మేర పసుపు గట్టిగా పట్టి ఉంది. ఇదేందంటే, బొందు ఒరుసుకుని పుండైంది, మాకందరికీ అయితది, పసుపు పెడితే పోతది అంది. బట్ట తడిపి పసుపు మెల్లగా నాననిచ్చి తుడిచాను. కింద నల్లటి చెక్కు, దాని చుట్టూ ఎర్రగా గీత.

మంచం కోడు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆ ఊరి ఆడవాళ్లందరికీ నడుము చుట్టూ బొందు కోసిన నల్ల చార ఉంటుంది. నాకూ ఉంది. వంగి గడ్డి కోసేటప్పుడు లంగా జారకూడదని బిగించి కడతాం. గడ్డిలోంచి ఎక్కిన నల్లి బట్ట ఎక్కడ బిగుతుగా ఉంటే అక్కడ ఆగి కుడుతుంది. ఇది నాకు కొత్త సంగతి కాదు, చదివిన సంగతే, ట్రైనింగులో పక్కవాళ్లకు నేనే వివరించిన సంగతి. బొందు పుండని పసుపు మెత్తడం కూడా నాకు కొత్త కాదు, మా అమ్మ నాకూ అలాగే మెత్తింది. ఈ రెండు సంగతులూ ఒకే తలకాయలో ఉండి కూడా ఒకదాన్నొకటి కలుసుకోలేదు. అన్నీ తెలిసి, మామను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాకిట్లో, నీ ఒంటి మీద మచ్చలున్నాయా అని అడిగాను. ఆ రోజుకు ఆమెకు లేకపోవచ్చు. ఉన్నా ఏమని చెప్పేది? రెండువందల పన్నెండు ఇళ్లలోనూ అలాగే అడిగాను, ఆడవాళ్లకు దాదాపు అంతటా లేదు అనే రాసుకొచ్చాను, నా చేతిరాత బాగుందని ఆఫీసులో మెచ్చుకుంటే సంతోషపడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

వెంకట్ రాగానే చెప్పాను. డాక్టరు టైఫాయిడ్ అన్నాక మధ్యలో నీదేమిటి, మా అమ్మ మీద ప్రయోగాలు చెయ్యకు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ సోట పుండని డాక్టరుకు నేనెట్ల చెప్తా?" అన్నాడు. సిగ్గు తల్లీకొడుకులిద్దరిదీ ఒకటేనని అప్పుడు తెలిసింది. నువ్వు చెప్పే పని లేదన్నాను. ఆటో పిలిచి అత్తను సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. అక్కడ ఒక లేడీ డాక్టరు పరదా లాగి, రెండు నిమిషాలు చూసి, ఇన్ని రోజులు ఎక్కడున్నారమ్మా అంది. పరీక్షకు రక్తం తీసి, ఫలితం వచ్చేదాకా ఆగకుండా మాత్రలు మొదలుపెట్టింది. మూడో రోజు పొద్దున అత్త ఒళ్లు చల్లబడింది. పచ్చిపులుసుతో అన్నం అడిగింది.

ఆ రోజంతా వెంకట్ ఫోన్లలో ఉన్నాడు. "నేను టైంకు తీస్కపోయిన గాబట్టి అమ్మ బతికింది, లేకుంటే ఖతమే" అని తమ్ముడికి చెప్పాడు, బాబాయికి చెప్పాడు. నేను పక్కనే అత్త దుప్పట్లు ఉతుకుతున్నాను. కోపం రావడానికి కూడా ఒంట్లో కొంత ఓపిక ఉండాలి.

శుక్రవారం మా పరశురాములు సార్ రిపోర్టు పంపాడు. ఈ పరిశోధన నడిపేది ఆయనే, మంచి మనిషి. నల్ల చెక్కు కనిపించిన మగవాళ్లు ముప్పై ఒక్కమంది, ఆడవాళ్లు ముగ్గురు. కాబట్టి ముప్పు కాపరులకే, పరీక్షలూ మందులూ ముందు వాళ్లకే అందాలి, అని చివర్లో ఉంది. ఫోను చేసి, ఆడవాళ్ల లెక్క తప్పు సార్ అన్నాను. నింపింది నువ్వే కదా వనితా అన్నాడు. నేనేనని, మగవాళ్లను ముందు కూర్చోబెట్టుకుని అడిగానని చెప్పాను. ఫారాలు తప్పంటే వాటి మీద సంతకం ఎవరిదని పైవాళ్లు అడుగుతారు, కొత్త కాంట్రాక్టులో నీ పేరు నిలవదు అన్నాడు. బెదిరింపు కాదు, బాధగానే చెప్పాడు. "ఒక్క మీ అత్తను చూపి అన్నీ తప్పంటే నడువదమ్మా. ఇంకోటి చూపియ్యి. సోమవారం దాకా ఆపుత" అన్నాడు.

ఈ సంగతి విని వెంకట్ తల పట్టుకున్నాడు. ఉన్న ఉద్యోగం ఎవరైనా పోగొట్టుకుంటారా, అమ్మకు తగ్గింది కదా, ఇంకేం పరేషాన్ అన్నాడు. నిన్నటిదాకా పెండలో కూర్చోవడం, ఇవాళ ఉద్యోగమైంది. రాత్రికి పప్పు చాలని చెప్పి ఫారాలు సంచిలో పెట్టుకున్నాను.

ఆదివారం అత్తను మోతెలో దింపడానికి వెళ్లాను. లోపలి గదిలో ఆమెను పడుకోబెట్టి కొత్త ఫారం తీశాను. మామ అలవాటుగా వచ్చి ఎదురుగా పీట మీద కూర్చుని, ఏమడగాలో అడుగు బిడ్డా, చెప్త అన్నాడు. ఆ గొంతులో ప్రేమే ఉంది. పెళ్లయిన ఈ పదిహేనేళ్లలో నేను ఆయనకు ఎదురు చెప్పిన రోజు లేదు.

"మామా, మీరు జర బయటికి పోండ్రి."

ఆయన నా వైపు కాదు, అత్త వైపు చూశాడు. ఆమె దుప్పటి సర్దుకుంటూ, "పో. పిల్ల అడుగుతాంది గద" అంది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తలుపు దగ్గరికి వెయ్యమంది అత్త. వేశాను. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆమె తన సంగతి మొదలుపెడుతుందని పెన్ను మూత తీశాను. ఆమె మణెమ్మ ఇంటి వైపు గోడను చూస్తూ ఉంది.

"నువ్వు తడిబట్టతోని తుడ్సినప్పుడు యాదికొచ్చింది బిడ్డా. దానికి గూడ గీడ్నే అయింది. బొందు పుండని పసుపు నేనే పెట్టిన."

ఏడవలేదు. నా చేతిలోని కాగితం వైపు చూసి, రాయమన్నట్టు గడ్డం ఎత్తింది. కుటుంబ యజమాని గడి ఖాళీగా వదిలేసి, పేరు దగ్గర మణెమ్మ అని రాశాను.